రెండు నిమిషాలకో రైలుంటే మొగుడెందుకు?

మా ఊళ్లో రైళ్లు తక్కువ. అందుకే మా ఇంట్లో నా విలువ ఎక్కువ. మొదటి వాక్యం మీదే రెండోది నిలబడి ఉందని లండన్ వెళ్లేదాకా నాకు తట్టలేదు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి ఈపాటి లెక్క అందకపోవడం విడ్డూరమే.

మాది హిమాయత్‌నగర్. ఈ మాట అనగానే హైదరాబాద్‌లోని హిమాయత్‌నగర్ అనుకుని ‘లిబర్టీ వైపా, నారాయణగూడ వైపా?’ అని అడుగుతారు. రెండు వైపులా కాదు. నాందేడ్ జిల్లాలో, ముద్‌ఖేడ్ నుంచి ఆదిలాబాద్ వెళ్లే రైలు దారిలో, సహస్రకుండ్ జలపాతానికి కాస్త ఇవతల ఉన్న తాలూకా కేంద్రం మాది. పాతకాలం వాళ్లు వాఢోణా అంటారు. 1948 దాకా నిజాం రాజ్యం, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960 నుంచి మహారాష్ట్ర. రాష్ట్రాలు మారాయి గానీ మేం ఇల్లు మారలేదు. అందుకని ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, కోపమొస్తే హిందీ. మా ఆవిడది బోధన్. పిల్లనిచ్చేటప్పుడు వాళ్ల చుట్టాల్లో సగం మంది హైదరాబాద్ సంబంధమనే అనుకున్నారట. బండి ముద్‌ఖేడ్‌లో వెనక్కి మళ్లాక గానీ వాళ్లకు అనుమానం రాలేదు.

అక్కడ బండి నిజంగానే మళ్లుతుంది. నిజామాబాద్ మీదుగా వచ్చిన కృష్ణా ఎక్స్‌ప్రెస్‌కు ముద్‌ఖేడ్‌లో ఇంజిను విప్పి రెండో చివర తగిలిస్తారు. కొత్తవాళ్లు కంగారు పడతారు. ఆ కంగారే నా పెట్టుబడి. ‘ఏం భయం లేదు, ఆదిలాబాద్ పొయ్యేదే, కూసోండ్రి’ అని పెట్టె మొత్తానికీ వినబడేటట్టు చెప్పేవాణ్ణి. పక్కన మా ఆవిడ కొంగు సర్దుకుని, మా ఆయనే అన్నట్టు నలుగురి వైపూ చూసేది. ఆ చూపు కోసం ప్లాట్‌ఫాం మీదికి దిగి, ఇంజిను తగిలించే పని నేనే దగ్గరుండి చేయిస్తున్నట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాణ్ణి.

నా పెద్దరికానికి మూడు స్తంభాలు. టైమ్‌టేబుల్ నా నోట్లో ఉంటుంది. టికెట్లు నా జేబులో ఉంటాయి. కిటికీలోంచి సీటు మీద పడే కర్చీఫ్ నాది. నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్ ఎన్నింటికి, సింగిల్ లైను కాబట్టి ఏ స్టేషన్లో క్రాసింగ్ పడుతుంది, అన్నీ నన్నే అడగాలి. ఒక బండి తప్పితే ఇంకోటి ఎప్పుడో గనక, గంట ముందే ఇంటిల్లిపాదినీ స్టేషన్‌కు నడిపించే హక్కు కూడా నాదే. దశమి రొట్టెలు, పల్లీల పొడి మూట కట్టేది ఆమె. ఎక్కడ విప్పాలో చెప్పేది నేను.

ప్రభుత్వ ఎస్టీ బస్సులో మాత్రం ఈమధ్య పట్టు కొంచెం సడలింది. 2023 మార్చి నుంచి మహారాష్ట్రలో ఆడవాళ్లకు సగం టికెట్. 65 దాటినవాళ్లకు సగం. 75 దాటినవాళ్లకు 2022 నుంచి మొత్తం ఉచితం. నేను ఏ గీతకూ చేరని వయసువాణ్ణి. కండక్టర్ ‘ఏక్ ఫుల్, ఏక్ హాఫ్’ అని టికెట్లు తీసేటప్పుడు, ఆ ఫుల్లు నేనే అయినా చూసేవాళ్లకు హాఫుగా కనిపిస్తున్నానేమోనని ఒక అనుమానం. అయినా టికెట్లు రెండూ నా జేబులోనే గనక సర్దుకుపోయాను.

మా అమ్మాయి, అల్లుడు లండన్‌లో హౌన్‌స్లోలో ఉంటారు. ఒక వేసవి మమ్మల్ని రమ్మన్నారు. కృష్ణాలో సికింద్రాబాద్, అక్కణ్నుంచి పుష్పక్ బస్సులో శంషాబాద్, ఆపైన విమానంలో హీత్రూ. ఈ పథకమంతా నాదే. అంతవరకే నాది.

హీత్రూలో విమానం దిగి కిందికి వెళ్తే భూగర్భ రైళ్ల పికడిల్లీ లైను. 1977 నుంచి ఆ రైలు విమానాశ్రయం అడుగుకే వస్తోంది. ఎదురొచ్చిన అల్లుడు జేబులోంచి రెండు నీలం ఆయిస్టర్ కార్డులు తీశాడు. అలవాటు ప్రకారం రెండింటికీ చెయ్యి చాపాను.

‘ఒకటి అత్తమ్మకు, మామా. ఈడ ఎవరి కార్డు వాళ్లకే. ఒక కార్డు మీద ఇద్దరు పోనీకి రాదు.’

మా పెళ్లయిన నాటి నుంచి ఆమె టికెట్ ఆమె చేతిలో ఉండటం అదే మొదలు. కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, కొంగున కట్టుకోబోయి, మనసు మార్చుకుని చేతిసంచి లోపలి అరలో పెట్టి జిప్పు వేసింది. మళ్లీ జిప్పు తీసి, గేటు దగ్గర పసుపు గుండ్రం మీద ఆనించింది. గేటు తెరుచుకుంది. ఆమె అవతలికి వెళ్లిపోయింది. నా కార్డు ఆనీ ఆనకముందే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఎర్ర దీపం వెలిగింది. ‘గట్టిగ ఆనియ్యుండ్రి, కరవదు’ అని గేటు అవతలి నుంచి సలహా వచ్చింది. మొదటి స్తంభం అక్కడే కూలింది.

రెండోది మర్నాడు. పొద్దున్నే అల్లుణ్ణి టైమ్‌టేబుల్ అడిగాను. ‘ఎందుకు మామా, రెండు మూడు నిమిషాలకు ఒకటొస్తది’ అన్నాడు టీ తాగుతూ. విక్టోరియా లైను మీదయితే రద్దీ వేళ గంటకు 36 రైళ్లట. అంటే వంద సెకన్లకొకటి. మా ఊళ్లో బండి వచ్చిందన్న కబురు ప్లాట్‌ఫాం ఈ కొస నుంచి ఆ కొసకు చేరడానికే అంతసేపు పడుతుంది. టైమ్‌టేబుల్ అక్కర్లేని ఊళ్లో దాన్ని కంఠస్థం పట్టే మనిషిని ఏం చేసుకోవాలి? స్టేషన్లో తలుపులు మూసుకుంటున్న రైలును చూసి, ఒళ్లు మరచి, ఆమె చెయ్యి పట్టుకుని పరిగెత్తాను. ఆమె కదల్లేదు. ‘ఎందుకురుకుతరు? ఇంకోటొస్తది గద’ అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె చెప్పిన ఒక ప్రయాణపు మాటకు నా దగ్గర జవాబు లేకపోవడం అదే మొదటిసారి.

మూడో స్తంభానికి నేనే దండం పెట్టేశాను. ఆ రైళ్లకు కర్చీఫ్ వెయ్యడానికి వీలైన కిటికీల్లేవు. లోపలికి వెళ్లగానే ఒక కుర్రాడు లేచి ఆమెకు సీటిచ్చాడు. నా తల ఆమె తలకన్నా తెల్లగా ఉంటుంది. అయినా నాకెవరూ ఇవ్వలేదు. ఆమె కూర్చుని, ‘బరువుంటే ఇటియ్యుండ్రి’ అని నా చేతిలోని తన సంచినే అడిగింది. వద్దన్నాను. స్తంభాలన్నీ పోయాక పట్టుకోవడానికి ఆ రైలు పెట్టెలో ఉన్న ఇనుప స్తంభం ఒక్కటే మిగిలింది.

ఇంక బస్సులు. లండన్ బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోరు. నేను పది పౌండ్ల నోటు మడిచి డ్రైవర్ వైపు చాపి నిలబడితే, ఆయన మర్యాదగా కార్డు మిషన్ చూపించాడు. 60 దాటిన లండన్ వాసులకు వేరే కార్డుందని, దాంతో ఛార్జీ ఉండదని విని ప్రాణం లేచొచ్చింది. ‘లండన్ వాసులకు’ అన్న ముక్క అమ్మాయి ఆ తర్వాత చెప్పింది. అయితే మేం వెళ్లినప్పుడు టికెట్ 1.75 పౌండ్లే. ఒక్క స్టాపయినా, ఊరి చివరి దాకా అయినా అంతే. మన డబ్బుల్లో 200 రూపాయలకు అటూ ఇటూ. దీనికి తోడు 2016లో పెట్టిన హాపర్ అనే సదుపాయం ఒకటుంది. మొదటి బస్సులో కార్డు ఆనించిన గంటలోపు ఇంకో బస్సెక్కితే దానికి డబ్బు పడదు. 2018 నుంచి ఆ గంటలో ఎన్ని బస్సులెక్కినా అంతే.

ఈ ముక్క అల్లుడు నాకు చెప్పకుండా ఉండాల్సింది.

ఆ తర్వాత మా కూరగాయల బజారు పరుగుపందెమైంది. హౌన్‌స్లో హై స్ట్రీట్‌లో దిగీ దిగగానే గడియారం చూసుకునేవాణ్ణి. ఆమె కొత్తిమీర కట్ట తీసి వాసన చూస్తుంటే ‘ఇరవై రెండు నిమిషాలైంది’ అనేవాణ్ణి. ఉల్లిగడ్డలు ఒక్కొక్కటి నొక్కి ఏరుతుంటే ‘నలభై’ అనేవాణ్ణి. దుకాణంలో తెలుగు మాటలు వినబడితే ఆమె ఆగేది, మీదేవూరమ్మా అని మొదలెట్టేది. ‘హిమాయత్‌నగర్’ అనగానే అవతలావిడ ‘ఓ, మా పిన్ని వాళ్లదీ అదే, ఏ గల్లీ?’ అనేది. అది తేలడానికి గంట చాలదని నాకు తెలుసు. ఒకరోజు ఆ గల్లీ సంభాషణ నడుస్తుండగానే మా బస్సు మలుపు తిరుగుతూ కనబడింది. యాభై తొమ్మిదో నిమిషం. నేను ఒక్క అంగలో స్టాపు చేరి చెయ్యి అడ్డం చాపాను. ‘హాత్ దాఖవా, గాడీ థాంబవా’ అని మా ఎస్టీ వాళ్లు ఊరూరా నేర్పిన విద్య. లండన్‌లో కూడా చెయ్యి చాపితేనే నయం. బస్సు ఆగింది. ఎక్కాను, కార్డు ఆనించాను. డబ్బు పడలేదు. గెలిచాననుకుని వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఇంకా దుకాణంలోనే కొత్తిమీరకు డబ్బులిస్తోంది. తలుపులు మూసుకున్నాయి.

ఆమె తరువాతి బస్సులో నిమ్మళంగా వచ్చింది. గంట దాటింది గనక మళ్లీ 1.75 పౌండ్లు పడింది. నాకు మిగిలింది 1.75, ఆమెకు ఖర్చయింది 1.75. లెక్కల మాస్టారుకు జమాఖర్చు సరిపోయింది. మొగుడికి సరిపోలేదు. పైగా ఇంటి తాళంచెవి ఆమె సంచిలో ఉంది. చినుకుల్లో గుమ్మం ముందు నిలబడ్డ నన్ను చూసి ఆమె ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

పోయిన పరువు మ్యాపుతో తిరిగి తెచ్చుకుందామనుకున్నాను. లండన్ భూగర్భ రైళ్ల మ్యాపు లోకప్రసిద్ధం. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో గీస్తే 1933లో జనం చేతికొచ్చింది. గీతలన్నీ నిలువు, అడ్డం, లేదంటే 45 డిగ్రీల వాలు. రేఖాగణితం చెప్పినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? స్కేలు పెట్టి దూరాలు కొలిచి కాగితం మీద వేసుకున్నాను. నేల మీది దూరాలను పక్కన పెట్టి గీశాడు గనకే ఆ మ్యాపు అంత తేటగా ఉందని అల్లుడు తరువాత చెప్పాడు. అప్పటికే లీస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు ఆమెను రైల్లో తీసుకెళ్లాను. ఆ రెంటి మధ్య దూరం 260 మీటర్లు. మా ఇంటి నుంచి పాలకేంద్రానికి అంతకన్నా ఎక్కువే.

కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టు దగ్గర జనం. మెట్లెక్కుదామన్నాను. 193 మెట్లని అక్కడ బోర్డు రాసి ఉంది. ‘మాహూర్ గుట్టెక్కి రేణుకమ్మను చూసొచ్చినవాణ్ణి, ఇదెంత’ అన్నాను. ‘మాహూర్‌లో కూసుంటందుకు జాగ ఉంటది’ అని ఆమె లిఫ్టు వరసలో నిలబడింది. గుండ్రంగా తిరిగే ఆ మెట్లలో ఎంతెక్కినా ముందు పది మెట్లే కనిపిస్తాయి. నేను గోడ పట్టుకుని పైకి తేలేసరికి ఆమె ఐస్‌క్రీం సగం తినేసి, మిగతా సగం నాకోసం కారకుండా నాకుతూ కాపాడుతోంది.

ఈ లోగా ఆమె తన పద్ధతిలో మ్యాపు నేర్చేసుకుంది. 11 లైన్లు, లైనుకో రంగు, 272 స్టేషన్లు. నేను పేర్లు బట్టీ పడుతున్నాను. ఆమె పేర్ల జోలికే పోలేదు. చీరల దుకాణంలో నలభై రకాల ఎరుపులు వేరుచేసే మనిషికి పదకొండు రంగులు ఒక లెక్కా? ముదురు నీలం మనింటిది. మిరపపండు ఎరుపు, చిలకపచ్చ, లేత గులాబి, కాఫీపొడి రంగు. మెట్రోపాలిటన్‌ది వంగపండు రంగు. ‘లేత నీలం ఎక్కి నల్లదాంట్ల మారాలె’ అని ఆమె అల్లుడికి చెబుతుంటే, అతను ‘అవును అత్తమ్మా, విక్టోరియా, నార్తర్న్’ అని తలూపేవాడు. నా చేతిలో పేర్ల చిట్టా ఉంది. నన్నెవరూ అడగలేదు.

సౌత్ కెన్సింగ్టన్‌లో సైన్స్ మ్యూజియం చూసిన రోజు నా చివరి ప్రయత్నం. అక్కణ్నుంచి ఎంబాంక్‌మెంట్ వెళ్లాలి. పసుపుపచ్చ సర్కిల్ లైను. ఎటువైపు ప్లాట్‌ఫాం అని ఆమె బోర్డు చూస్తుంటే నవ్వాను. ‘వృత్తం మీద ఏ బిందువు నుంచి ఎటు బయల్దేరినా ప్రతి బిందువూ తగులుతుంది. కూర్చో’ అన్నాను. ఎదురుగా ఆగిన బండి ఎక్కించాను. అది పడమటి వైపు పోయేది. పోనీ, రెండు స్టేషన్లు ఎక్కువ చూస్తాం. నాటింగ్ హిల్ గేట్, బేస్‌వాటర్, పాడింగ్టన్. పాడింగ్టన్ రాగానే పాఠం ఎత్తుకున్నాను. ప్రపంచంలో మొట్టమొదటి భూగర్భ రైలు 1863 జనవరిలో ఈ పాడింగ్టన్ నుంచే ఫారింగ్డన్ దాకా నడిచిందని, అప్పట్లో సొరంగంలో ఆవిరి ఇంజిన్లేనని, ఆ పొగలో జనం ఎట్లా కూర్చున్నారోనని. గొంతు కాస్త పెంచాను కూడా, ముద్‌ఖేడ్ అలవాటు. పాఠం మంచి పట్టులో ఉండగా చూస్తే పెట్టె ఖాళీ. బండి ఎడ్జ్‌వేర్ రోడ్‌లో ఆగి ఉంది. లోపల ఉన్నది ఉపాధ్యాయుడు, ఒక విద్యార్థిని.

2009 డిసెంబర్ నుంచి సర్కిల్ లైను పూర్తిగా చుట్టి రాదు. హామర్‌స్మిత్‌లో మొదలై, ఊరు చుట్టి, ఎడ్జ్‌వేర్ రోడ్‌లో ఆగిపోతుంది. జ్యామితి పుస్తకంలోని వృత్తం గురించి నేను చెప్పిందంతా కరెక్టే. రైలుకే ఆ పుస్తకం అందలేదు.

‘ఏం పర్వాలేదు, ఇక్కడ కాఫీపొడి రంగు ఉంది, తిన్నగా ఎంబాంక్‌మెంట్ పోతది’ అంది ఆమె మ్యాపు మీద వేలు పెట్టి. ఆ లైను కోసం స్టేషనంతా వెతికాను. ఇటు మెట్లు, అటు మెట్లు, మళ్లీ ఇటు. ఎంత వెతికినా గోధుమరంగు గీత కనబడలేదు. ఒక ఉద్యోగిని అడిగితే, బయటికెళ్లి రోడ్డు దాటమన్నాడు. అక్కడ ఎడ్జ్‌వేర్ రోడ్ స్టేషన్లు రెండు. పేరు ఒకటే, భవనాలు వేరు, లోపలి నుంచి దారి లేదు. హామర్‌స్మిత్‌దీ ఇదే కథట.

రోడ్డు దాటుతూ ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ‘పేరొక్కటే అయితే ఊరొక్కటే అనుకునేటోళ్లను జూసి జిందగీ అంత నవ్వినోరు మీరే గద’ అంది.

హైదరాబాద్ సంబంధమనుకుని బయల్దేరిన ఆమె చుట్టాలందరి తరఫునా అది బాకీ తీర్చుకోవడమే.

ఎంబాంక్‌మెంట్‌లో మేం చూడాల్సింది ఏమీ లేదు, వినాల్సిందే. నార్తర్న్ లైను ప్లాట్‌ఫాం ఒకదాని మీద ‘మైండ్ ద గ్యాప్’ అనే హెచ్చరిక ఓ పాత మగ గొంతులో వస్తుంది. అది ఆస్వాల్డ్ లారెన్స్ అనే నటుడిది. ఆయన 2007లో పోయాడు. ఆయన భార్య మార్గరెట్ మెకాలమ్ ఆ గొంతు వినడానికి వచ్చి ఆ ప్లాట్‌ఫాం మీద కూర్చునేదట. 2012లో కొత్త రికార్డింగ్ పెట్టేసరికి ఆమె అడిగింది. 2013లో ఆ ఒక్క చోట పాత గొంతు తిరిగి పెట్టారు. ఈ కథ అమ్మాయి చెప్పినప్పటి నుంచి మా ఆవిడ అక్కడికి తీసుకెళ్లమంటోంది. బెంచీ మీద కూర్చుని, ఎక్కాల్సిన రైళ్లు వదిలేస్తూ విన్నాం. నాకు గొంతు పట్టేసింది. ‘చూశావా, మొగుడి మాటకు ఎంత విలువిచ్చిందో’ అన్నాను.

‘ఆయన మూడు మాటలు చెప్పి ఊకున్నడు గద’ అంది ఆమె.

ఊరికి తిరిగొచ్చాం. మొన్న మా ఎదురింటి కుర్రాడికి లండన్‌లో పైచదువుకు సీటొచ్చింది. ఊళ్లో లండన్ చూసొచ్చింది మేమే గనక సలహాకు మా ఇంటికొచ్చాడు. కళ్లజోడు తుడుచుకుని, మ్యాపు పరిచి, 1863 నుంచి ఎత్తుకోబోతున్నాను. వంటింట్లోంచి ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, వాడు ఉండబోయే చోటు ఈస్ట్ హామ్ అని కనుక్కుని, ‘హీత్రూల ముదురు నీలం ఎక్కు బిడ్డా, బారన్స్ కోర్ట్‌ల దిగి, అదే ప్లాట్‌ఫాం మీద చిలకపచ్చ ఎక్కు, మెట్లెక్కే పని లేదు’ అని వేలితో గీసి చూపించింది. సామాన్లతో పొయ్యేవాడికి మెట్లు లేని దారే కావాలని నా బుర్రకు ఎన్నడూ తట్టలేదు.

ఆ తర్వాత నావైపు చూసి, ‘పైసల సంగతి సార్‌ను అడుగు. అది మంచిగ చెప్తడు’ అని లోపలికి వెళ్లింది.

ఇప్పుడు మా ఇంట్లో ప్రయాణాల శాఖ ఆమెది, ఛార్జీల శాఖ నాది. హాపర్ గురించి వాడికి అరగంట చెప్పాను. బజారుకు ఒక్కడివే వెళ్లమని, పెళ్లయ్యాక కూడా ఒక్కడివే వెళ్లమని గట్టిగా చెప్పాను. వాళ్లు ఛార్జీ పెంచినప్పుడల్లా ఆ లెక్క మళ్లీ బట్టీ పట్టుకోవాలి. చిన్న శాఖే గానీ, పని ఉంటుంది.